1996 శ్రీలంక: కప్పు గెలిచిన దేశం, ఆగని యుద్ధం

క్లుప్తంగా: 1996లో శ్రీలంక రాజధాని నడిబొడ్డున బాంబు పేలింది, రెండు జట్లు ఆ దేశానికి రావడానికి నిరాకరించాయి, సుమారు నెలన్నరకే ఆ దేశం క్రికెట్ ప్రపంచకప్ గెలిచింది. అదే ఏడాది ద్వితీయార్ధంలో యుద్ధం, కరవు, చీకటి కలిసి ఆ దేశాన్ని కుంగదీశాయి. ఆ విజయం క్రికెట్‌ను మార్చిందన్నది నిజం. యుద్ధాన్ని మార్చిందనడానికి మాత్రం ఆధారం దొరకదు.

1996 జనవరి 31, బుధవారం. కొలంబో ఫోర్ట్ ప్రాంతంలో కార్యాలయాలు తెరుచుకుని జనం పనుల్లో పడ్డ వేళ, పేలుడు పదార్థాలు నింపిన లారీ ఒకటి శ్రీలంక సెంట్రల్ బ్యాంకు ప్రధాన ద్వారాన్ని ఢీకొట్టింది. ప్రత్యేక తమిళ దేశం కోసం పోరాడుతున్న ఎల్టీటీఈ ఆత్మాహుతి దళం చేసిన ఆ దాడిలో 91 మంది చనిపోయారు. గాయపడినవారు సుమారు 1,400 మంది. చుట్టూ ఉన్న ఎత్తైన భవనాల అద్దాలు ఒక్కసారిగా పగిలి పెంకులై ఎగరడంతో ఎంతోమంది చూపు కోల్పోయారు.

సరిగ్గా రెండు వారాల తర్వాత, ఫిబ్రవరి 14న, భారత్, పాకిస్తాన్, శ్రీలంక కలిసి నిర్వహించే ప్రపంచకప్ మొదలు కావాల్సి ఉంది. అది మొదలైంది, ముగిసింది, శ్రీలంక గెలిచింది. ఆ ఏడాది గురించి ఇప్పుడు మాట్లాడుకునేటప్పుడు మూడు మాటలు తరచూ వినిపిస్తాయి. ఆడకుండానే వచ్చిన పాయింట్లతో శ్రీలంక ముందుకెళ్లిందన్నది ఒకటి. మొదటి 15 ఓవర్లలో విరుచుకుపడటం అనే కిటుకుతో కప్పు కొట్టిందన్నది రెండోది. ఆ కప్పు దేశాన్ని ఒక్కటి చేసిందన్నది మూడోది. మూడింటిలోనూ కొంత నిజం ఉంది. ఎంత అన్నదే తేల్చాల్సిన విషయం.

బాంబు వెనుక ఉన్న ఏడాది

1983 జూలైలో తమిళులపై జరిగిన మారణకాండతో అంతర్యుద్ధం పూర్తి స్థాయికి చేరింది. 1994లో చంద్రికా కుమారతుంగ శాంతి నినాదంతోనే అధికారంలోకి వచ్చారు. 1995 జనవరిలో కాల్పుల విరమణ కుదిరింది. ఏప్రిల్ 19న ఎల్టీటీఈ ట్రింకోమలీ రేవులో నౌకాదళ పడవలను పేల్చివేయడంతో అది మూడున్నర నెలలకే కూలిపోయింది. అక్టోబరులో సైన్యం ఉత్తరాన ఎల్టీటీఈ అధీనంలో ఉన్న తమిళుల పట్టణం జాఫ్నా వైపు కదిలింది. డిసెంబరు మొదటి వారానికి పట్టణం సైన్యం చేతికి వచ్చింది, కానీ అప్పటికే జనం లేరు. లక్షల మంది ఇళ్లూ వాకిళ్లూ వదిలి ద్వీపకల్పంలో తూర్పు వైపుకు, అక్కడి నుంచి వన్ని అడవుల వైపుకు తరలిపోయారు.

జాఫ్నా కోల్పోయిన ఎల్టీటీఈ యుద్ధాన్ని కొలంబోకు, అందులోనూ ఆర్థిక వ్యవస్థ గుండెకాయ దగ్గరికి తెచ్చింది. సెంట్రల్ బ్యాంకును ఎంచుకోవడం యాదృచ్ఛికం కాదు. విదేశీ పెట్టుబడిదారుకు, పర్యాటకుడికి, బీమా కంపెనీకి ఒకేసారి ‘ఇక్కడ భద్రత లేదు’ అని చెప్పగల చిరునామా అది. రాష్ట్రాలకు అధికారాలు పంచే రాజ్యాంగ సవరణ ముసాయిదాను ప్రభుత్వం అదే జనవరిలో బయటపెట్టింది. ఒక చేత్తో యుద్ధం, మరో చేత్తో రాజకీయ పరిష్కారం అన్నది కుమారతుంగ వ్యూహం. బాంబు ఆ రెండో చేతిని బలహీనపరిచింది.

క్రికెట్ క్యాలెండరు కూడా యుద్ధం చెప్పినట్టే నడిచేది. 1987 ఏప్రిల్‌లో కొలంబో బస్టాండులో బాంబు పేలాక న్యూజిలాండ్ జట్టు పర్యటన మధ్యలోనే వెళ్లిపోయింది. ఆ తర్వాత 1992 ఆగస్టు దాకా, అంటే ఐదేళ్లకు పైగా, శ్రీలంక గడ్డ మీద ఒక్క టెస్టు కూడా జరగలేదు. 1992 నవంబరులో న్యూజిలాండ్ మళ్లీ వస్తే, ఆ జట్టు దిగిన హోటల్‌కు సమీపంలోనే నౌకాదళాధిపతి ఆత్మాహుతి దాడిలో హతుడయ్యాడు. కొందరు ఆటగాళ్లు అక్కడి నుంచే ఇంటిముఖం పట్టారు. 1981లో టెస్టు హోదా పొందిన దేశానికి, ఆట నేర్చుకోవాల్సిన తొలి దశాబ్దం ఇలా గడిచింది. 1996 జట్టును ‘ఎక్కడి నుంచో ఊడిపడ్డ జట్టు’ అనుకునేవారు ఈ ఐదేళ్ల కరవును లెక్కలోకి తీసుకోరు. సొంతగడ్డపై టెస్టులు లేక ఆ తరం ఆటగాళ్లు వన్డేల్లోనే, అదీ షార్జా వంటి పరాయి మైదానాల్లోనే ఎక్కువగా రాటుదేలారు.

రాని జట్లు, వచ్చిన జట్లు

ఆస్ట్రేలియా ఫిబ్రవరి 17న, వెస్టిండీస్ 25న కొలంబోలో ఆడాలి. రెండూ రాలేదు. పాయింట్లు శ్రీలంకకు వెళ్లాయి. భద్రత గురించి ఆ జట్లు భయపడటానికి కారణం లేదనలేం. శిథిలాల తొలగింపు కూడా పూర్తికాని నగరం అది. అయితే ఆస్ట్రేలియా విషయంలో ఇంకో పొర ఉంది. అంతకు కొద్ది వారాల ముందే, 1995 బాక్సింగ్ డే రోజున మెల్‌బోర్న్‌లో అంపైర్ డారెల్ హెయిర్, ముత్తయ్య మురళీధరన్ బౌలింగ్ చేయి వంగుతోందంటూ ఏడుసార్లు నోబాల్ ప్రకటించాడు. జనవరిలో బ్రిస్బేన్ వన్డేలో రాస్ ఎమర్సన్ అదే పని చేశాడు. అదే పర్యటనలో పెర్త్‌లో శ్రీలంకపై బంతి ఆకారం చెడగొట్టారన్న ఆరోపణ వచ్చింది, తర్వాత అది నిలవలేదు. ఆస్ట్రేలియా ఆటగాళ్లకు బెదిరింపులు వచ్చినట్టు కూడా అప్పట్లో వార్తలొచ్చాయి. కాబట్టి ఆ నిరాకరణను కొలంబో జనం భద్రతా నిర్ణయంగా చూడలేదు. అవమానాల పరంపరలో మరొకటిగా చూశారు.

ఆ ఖాళీని పూరించడానికి ఉపఖండం చేసిన పని అప్పటికీ ఇప్పటికీ అరుదైనదే. ఫిబ్రవరి 13న భారత్, పాకిస్తాన్ ఆటగాళ్లు ఒకే జట్టుగా కొలంబోలో దిగి శ్రీలంకతో ఆడారు. సారథి మన హైదరాబాదీ అజారుద్దీన్. సచిన్, సయీద్ అన్వర్, వసీం అక్రమ్, వకార్ యూనిస్, కుంబ్లే అదే డ్రెస్సింగ్ రూములో కూర్చున్నారు. ఆ రోజు స్కోరుకార్డులో శ్రీలంక ఓపెనర్ కలువితరణ పేరు ఎదురుగా ‘క్యాచ్ టెండూల్కర్, బౌలింగ్ వసీం అక్రమ్’ అని ఉంటుంది. భారత్, పాక్ సంబంధాలు ఏ స్థాయిలో ఉండేవో తెలిసినవారికి ఆ ఒక్క వాక్యం చాలు, అది ఎంత పెద్ద విషయమో అర్థం కావడానికి. ఆ తర్వాత జింబాబ్వే కొలంబోకు, కెన్యా క్యాండీకి వచ్చి తమ మ్యాచ్‌లు ఆడి వెళ్లాయి.

ఇక ఆడకుండా వచ్చిన పాయింట్ల సంగతి. గ్రూపులో ఆరు జట్లు, గెలుపుకు 2 పాయింట్లు, నాలుగు జట్లకు క్వార్టర్‌ఫైనల్. శ్రీలంక 10 పాయింట్లతో అగ్రస్థానంలో నిలిచింది. వాటిలో 4 ఆడకుండా వచ్చినవి. జింబాబ్వే, కెన్యా, భారత్‌లను ఓడించి తెచ్చుకున్నవి 6. ఇప్పుడు ఆ రెండు మ్యాచ్‌లూ జరిగి, రెండింట్లోనూ శ్రీలంక ఓడిపోయిందనుకుందాం. అప్పుడు ఆస్ట్రేలియాకు 8, భారత్, వెస్టిండీస్, శ్రీలంకలకు తలా 6 పాయింట్లు ఉండేవి. జింబాబ్వే, కెన్యా 2 పాయింట్ల దగ్గరే ఆగాయి. అంటే ఎలా చూసినా శ్రీలంక క్వార్టర్‌ఫైనల్‌కు వెళ్లేదే. ‘ఉచిత పాయింట్లతో గట్టెక్కింది’ అన్న మాట ఇక్కడితో వీగిపోతుంది.

లాభం మాత్రం లేకపోలేదు, అది వేరేచోట ఉంది. గ్రూపులో మొదటి స్థానం దక్కడంతో క్వార్టర్‌ఫైనల్లో అవతలి గ్రూపులోని నాలుగో జట్టు, అంటే ఇంగ్లండ్, ఎదురైంది. గ్రూపు దశలో ఆ జట్టు గెలిచింది యూఏఈ, నెదర్లాండ్స్‌ల మీదే. మూడో స్థానంలో నిలిచిన భారత్‌కు అదే దశలో బెంగళూరులో పాకిస్తాన్‌తో తలపడాల్సి వచ్చింది. నాకౌట్‌లోకి ఏ తలుపు గుండా వెళ్లామన్నది చిన్న విషయం కాదు. రాని జట్లు శ్రీలంకకు చేసిన మేలు, ఉద్దేశించకపోయినా, అదే.

15 ఓవర్ల కథలో తప్పిపోయిన భాగం

నిబంధన ఏమిటంటే, ఇన్నింగ్స్ మొదటి 15 ఓవర్లలో ముప్పై గజాల వలయం బయట ఇద్దరు ఫీల్డర్లే ఉండాలి. అప్పటికి చాలా జట్లు ఈ ఓవర్లను కొత్త బంతిని కాచుకునే సమయంగా వాడేవి. వికెట్లు చేతిలో ఉంచుకుని చివరి పది ఓవర్లలో బాదడం నాటి సంప్రదాయం. దీనికి భిన్నంగా ఆలోచించిన తొలి జట్టు శ్రీలంక కాదు. 1992 ప్రపంచకప్‌లో న్యూజిలాండ్ ఓపెనర్ మార్క్ గ్రేట్‌బ్యాచ్ ఇదే పని చేశాడు. శ్రీలంక చేసిన కొత్త పని, ఇద్దరు ఓపెనర్లకూ ఒకేసారి ఆ స్వేచ్ఛ ఇవ్వడం, ఆ స్వేచ్ఛ బెడిసికొడితే ఆదుకునేవారిని వెనకాల వరుసగా నిలబెట్టడం.

మార్చి 2న ఢిల్లీ ఫిరోజ్‌షా కోట్లాలో ఇది కళ్లకు కట్టింది. సచిన్ 137 పరుగులతో భారత్ 3 వికెట్లకు 271 చేసింది. ఆ రోజుల్లో గెలుపు ఖాయమనిపించే స్కోరు. జవాబుగా జయసూర్య, కలువితరణ మొదటి మూడు ఓవర్లలోనే 42 పరుగులు పిండుకున్నారు. మనోజ్ ప్రభాకర్ తొలి రెండు ఓవర్లలో 33 పరుగులిచ్చాడు. బంతిని స్వింగ్ చేయడమే బతుకుదెరువైన ఆ మీడియం పేసర్, మళ్లీ బంతి అందుకున్నప్పుడు ఆఫ్‌స్పిన్ వేయాల్సి వచ్చింది. 4 ఓవర్లు, 47 పరుగులు. అదే అతడి చివరి అంతర్జాతీయ మ్యాచ్.

కానీ ఆ మ్యాచ్‌ను ఓపెనర్లు గెలిపించలేదు. 141 పరుగులకు 4 వికెట్లు పడి శ్రీలంక తడబడింది. కుంబ్లే పట్టు బిగించాడు. అక్కడి నుంచి సారథి రణతుంగ, తిలకరత్నె విడిపోకుండా 131 పరుగులు జోడించి 48.4 ఓవర్లలో పని ముగించారు. వాళ్లు తొందరపడలేదు. తొందరపడాల్సిన అవసరం లేకుండా పోయింది. మ్యాచ్ మొదట్లో ఓవరుకు 5.4 చొప్పున కావాల్సిన పరుగులు మూడు ఓవర్లకే 5 కిందికి దిగాయి. ఓపెనర్లు చేసిన పరుగుల కన్నా, వెనక వచ్చేవారికి వాళ్లు మిగిల్చిన వెసులుబాటు ముఖ్యం. ఒకటి రెండు పరుగులతో నెట్టుకొచ్చే రణతుంగ లాంటి ఆటగాడు ఛేదనలో ప్రమాదకారిగా మారింది అందుకే.

టోర్నీ మొత్తం గణాంకాలు కూడా ఇదే చెబుతాయి. కలువితరణ ఆరు ఇన్నింగ్సుల్లో చేసింది 73 పరుగులు. జయసూర్య 221, అందులో 82 ఇంగ్లండ్ మీద 44 బంతుల్లో వచ్చాయి. అరవింద డిసిల్వా 448, గురుసిన్హ 307, రణతుంగ 241. భారం మోసింది మధ్య వరుసే. ఇక అసలు పరీక్షలైన సెమీఫైనల్, ఫైనల్ రెండింట్లోనూ ఓపెనర్ల ఎత్తుగడ విఫలమైంది. కోల్‌కతాలో శ్రీనాథ్ తొలి ఓవర్లోనే ఇద్దరినీ వెనక్కి పంపాడు. స్కోరు 1 పరుగుకు 2 వికెట్లు. లాహోర్‌లో 23 పరుగులకు 2 వికెట్లు. రెండుసార్లూ అరవింద నిలబెట్టాడు.

ఈడెన్ గార్డెన్స్‌లో అరవింద 47 బంతుల్లో 66 చేసిన ఇన్నింగ్స్‌ను చూసినవారు మరచిపోరు. 1 పరుగుకు 2 వికెట్లు, కాసేపటికి 35కు 3, లక్ష మందికి పైగా జనం హోరు, అయినా అతడు బంతిని సందుల్లోకి నెడుతూ ఏ గొడవా లేనట్టు ఆడాడు. శ్రీలంక 251 చేసింది. టాస్ గెలిచి ఫీల్డింగ్ ఎంచుకున్నది భారత్. పదకొండు రోజుల ముందు ఢిల్లీలో 271 కూడా చాలకపోవడం ఆ నిర్ణయంపై నీడ వేసిందని నాటి నుంచీ వినిపించే వివరణ. శ్రీలంక ఛేదనకు పుట్టిన పేరే ప్రత్యర్థి చేత తప్పు నిర్ణయం తీయించిందన్నమాట. తర్వాత పిచ్ పొడిబారి విరిగింది. ఒక వికెట్టుకు 98 దగ్గర సచిన్ 65 పరుగులకు స్టంప్ అయ్యాడు. అక్కడి నుంచి భారత్ 120కి 8 వికెట్లు కోల్పోయింది. జనం సీసాలు విసిరారు, స్టాండ్లలో మంటలు లేచాయి. రిఫరీ క్లైవ్ లాయిడ్ మ్యాచ్‌ను శ్రీలంకకు ఇచ్చేశాడు. వినోద్ కాంబ్లీ ఏడుస్తూ మైదానం వీడిన దృశ్యం తెలుగు ఇళ్లలో కూడా చాలామందికి ఇంకా కళ్ల ముందే ఉంది.

ఫైనల్‌ గురించి రాసేటప్పుడు అరవింద అజేయ శతకం చుట్టూనే కథ తిరుగుతుంది. అతడు 3 వికెట్లు తీసి, రెండు క్యాచ్‌లు పట్టి, 107 చేశాడు కాబట్టి అది న్యాయమే. అయితే ఆ రోజు 50 ఓవర్లలో 37 ఓవర్లు స్పిన్నర్లే వేశారు. మురళీధరన్ 10, ధర్మసేన 10, అరవింద 9, జయసూర్య 8. ఒక వికెట్టుకు 137 పరుగులతో దూసుకెళ్తున్న ఆస్ట్రేలియాను 241 దగ్గర ఆపింది ఈ నలుగురే. అప్పటిదాకా జరిగిన ఐదు ఫైనళ్లలోనూ ముందు బ్యాటింగ్ చేసిన జట్టే గెలిచింది. రణతుంగ టాస్ గెలిచి ఫీల్డింగ్ తీసుకున్నాడు. రాత్రి మంచుకు బంతి తడిసి ఆస్ట్రేలియా స్పిన్నర్లకు పట్టు దొరకలేదు. 46.2 ఓవర్లలో 7 వికెట్ల తేడాతో గెలుపు. ఫైనల్లో ఛేదించి గెలిచిన తొలి జట్టు, ఆతిథ్య దేశాల్లో కప్పు అందుకున్న తొలి దేశం శ్రీలంకే.

దేశమంతా ఒక్కటైందా?

ఫైనల్లో ఆడిన పదకొండు మందిలో తమిళుడు ఒక్కడే, మురళీధరన్. క్యాండీకి చెందినవాడు. ఆస్ట్రేలియాలో అతడిపై నోబాల్ ముద్ర వేసినప్పుడు సింహళ సారథి రణతుంగ, బోర్డు, పత్రికలు, వీధిలోని అభిమాని అందరూ అతడి పక్షాన నిలిచారు. సింహళ, తమిళ వైరంతో రక్తమోడుతున్న దేశంలో ఇది నిజమైన, విలువైన విషయం. దీన్ని తక్కువ చేయనక్కర్లేదు. కానీ ఒక తమిళ క్రీడాకారుడి మీద ప్రేమ, తమిళ జనాభా రాజకీయ హక్కుల దాకా తనంతట తాను ప్రయాణించదు. ఆ రెండింటి మధ్య చట్టసభ ఉంది, సైన్యం ఉంది, ఎల్టీటీఈ ఉంది.

మార్చి 17 రాత్రి కొలంబో, గాలె, మాతర వీధుల్లో టపాసులు పేలుతున్నప్పుడు ఉత్తరాన పరిస్థితి వేరు. జాఫ్నా పట్టణం దాదాపు ఖాళీ. జనం ఇంకా చెట్ల కింద, పాఠశాలల్లో, బంధువుల వరండాల్లో తలదాచుకుంటున్నారు. జాఫ్నా ద్వీపకల్పానికి జాతీయ గ్రిడ్ నుంచి కరెంటు తెగిపోయి అప్పటికే ఏళ్లు గడిచాయి. సైకిల్‌ను తిరగేసి నిలబెట్టి, ఒకరు పెడల్ తిప్పుతుంటే డైనమో నుంచి వచ్చే కరెంటుతో రేడియో వినడం అక్కడి జనం యుద్ధకాలంలో నేర్చుకున్న విద్య. పెడల్ ఆగితే రేడియో ఆగుతుంది. దక్షిణాన టీవీలో చూసిన విజయం, అక్కడ వినాలంటే కూడా ఒకరి కాళ్లు నొప్పి పుట్టాల్సిందే. ‘దేశమంతా’ అన్న మాట వాడేటప్పుడు ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

ఇతర దేశాలతో పోలిస్తే సంగతి ఇంకా స్పష్టమవుతుంది. 1995 జూన్‌లో దక్షిణాఫ్రికా రగ్బీ ప్రపంచకప్ గెలిచినప్పుడు నెల్సన్ మండేలా ఆ జట్టు ‘స్ప్రింగ్‌బాక్’ జెర్సీ వేసుకుని కప్పు అందించారు. ఆ దృశ్యానికి అంత బలం ఎందుకొచ్చిందంటే, అంతకు ఏడాది ముందే, 1994 ఏప్రిల్‌లో, అన్ని జాతుల వారూ ఓటేసిన ఎన్నిక జరిగిపోయింది. ఒప్పందం ముందు, ఆట తర్వాత. ఐవరీకోస్ట్‌లో 2007 జూన్‌లో ద్రోగ్బా ఫుట్‌బాల్ జట్టు తిరుగుబాటుదారుల కేంద్రమైన బువాకేలో ఆడింది. అదీ ఆ మార్చిలో శాంతి ఒప్పందంపై సంతకాలు అయ్యాకే. 2010 ఎన్నికల తర్వాత అక్కడ మళ్లీ తుపాకులు పేలాయన్నది వేరే సంగతి. కుదిరిన రాజీకి ఆట జనంలో ఆమోదం తెస్తుంది. కుదరని రాజీని కుదర్చడం దాని చేతిలో లేదు. శ్రీలంకలో 1996 మార్చి నాటికి కుదిరింది ఏదీ లేదు. అధికార వికేంద్రీకరణ ముసాయిదా పార్లమెంటు కమిటీల చుట్టూ తిరిగి, 2000 ఆగస్టులో బిల్లుగా వచ్చినా గట్టెక్కలేదు.

ఏడాది రెండో సగం

కప్పు వచ్చిన నాలుగు నెలలకే, జూలై 18న ఎల్టీటీఈ ముల్లైతీవు సైనిక స్థావరం మీద విరుచుకుపడింది. వెయ్యి మందికి పైగా సైనికులు చనిపోయారు. అప్పటిదాకా ప్రభుత్వ సైన్యానికి తగిలిన అతి పెద్ద దెబ్బల్లో అది ఒకటి. ఆరు రోజుల తర్వాత కొలంబో శివారు దెహివలలో, ఆఫీసుల నుంచి ఇళ్లకు వెళ్లేవారితో కిక్కిరిసిన సాయంత్రపు రైల్లో బాంబులు పేలి 50 మందికి పైగా మరణించారు.

యుద్ధానికి తోడు వానలు మొహం చాటేశాయి. శ్రీలంక విద్యుత్తులో అధిక భాగం జలాశయాల నుంచే వచ్చే రోజులవి. నీటిమట్టాలు పడిపోగానే కోతలు మొదలై, రోజుకు ఎనిమిది గంటల దాకా పెరిగాయి. బట్టల ఫ్యాక్టరీలు, చిన్న కార్ఖానాలు నష్టపోయాయి. 1995లో 5.5 శాతం ఉన్న ఆర్థిక వృద్ధి 1996లో 3.8 శాతానికి తగ్గింది. విదేశీ పర్యాటకుల సంఖ్య సుమారు 4 లక్షల నుంచి 3 లక్షలకు పడిపోయింది. ప్రపంచకప్ వల్ల శ్రీలంక పేరు ప్రపంచమంతా మోగిన ఏడాదే ఇది జరిగిందన్నది గమనించదగ్గది. పర్యాటకుడు సెలవు ఖరారు చేసుకునే ముందు స్కోరుకార్డు చూడడు, తన ప్రభుత్వం ఇచ్చే ప్రయాణ హెచ్చరిక చూస్తాడు.

నిజంగా మారినవి

మార్పు క్రికెట్ లోపల వచ్చింది. శ్రీలంక క్రికెట్ చాలాకాలం కొలంబోలోని కొద్దిపాటి పేరున్న పాఠశాలల ఆట. రాయల్, సెయింట్ థామస్ కళాశాలల మధ్య 1879 నుంచి జరుగుతున్న పోటీ అక్కడ ఒక సామాజిక వేడుక. ఆనంద, నలంద వంటి బౌద్ధ పాఠశాలల నుంచి వచ్చిన రణతుంగ, మహానామ, గురుసిన్హల తరం ఆ వలయాన్ని విస్తరించింది. దక్షిణ తీరంలోని మాతర నుంచి వచ్చిన జయసూర్య దాన్ని రాజధాని దాటించాడు. 1996 విజయం ఈ మార్పును సృష్టించలేదు, అది పదేళ్లుగా సాగుతున్నదే. విజయం దాన్ని వెనక్కి తిరగకుండా చేసింది. గ్రామంలోని బాలుడికి, ఇంగ్లిష్ రాకపోయినా ఈ ఆట తనదే అన్న ధీమా కలిగింది.

డబ్బు కూడా వచ్చింది, దాని వెంట కుర్చీల కోసం పోటీ వచ్చింది. పేద బోర్డు ప్రసార హక్కులతో ధనిక బోర్డుగా మారగానే రాజకీయ నాయకుల, వ్యాపారుల చూపు దానిపై పడింది. కప్పు గెలిచినప్పుడు బోర్డు అధ్యక్షుడిగా ఉన్న వ్యక్తి కొద్దికాలానికే పదవి కోల్పోయారు. 1999లో ప్రభుత్వం తాత్కాలిక కమిటీని నియమించింది. 1973 నాటి క్రీడా చట్టం మంత్రికి ఇచ్చిన అధికారాల ఆధారంగా ఆ తర్వాత కూడా అలాంటి కమిటీలు వస్తూ పోతూనే ఉన్నాయి. 2023 నవంబరులో ప్రభుత్వ జోక్యం పేరుతో ఐసీసీ శ్రీలంక బోర్డును సస్పెండ్ చేసి, 2024 జనవరిలో ఎత్తివేయడానికి మూలాలు వెతికితే దారి ఇక్కడికే వస్తుంది.

గౌరవం మాత్రం ఆలస్యంగా దక్కింది. ప్రపంచ విజేతగా ఉన్న శ్రీలంకకు 1998లో ఇంగ్లండ్ ఇచ్చింది ఒకే ఒక్క టెస్టు. ఓవల్‌లో మురళీధరన్ 16 వికెట్లు తీసి ఆ ఒక్కటీ గెలిపించాడు. ఇంగ్లండ్ గడ్డపై మూడు టెస్టుల సిరీస్ 2002లో గానీ రాలేదు.

ఆరు నెలల తర్వాత, అదే నగరం

1996 ఆగస్టు చివర్లో కొలంబోలో నాలుగు దేశాల వన్డే టోర్నీ జరిగింది. భారత్, జింబాబ్వేలతో పాటు వచ్చిన మూడో విదేశీ జట్టు ఆస్ట్రేలియా. మార్క్ టేలర్ గాయంతో దూరమవడంతో ఇయాన్ హీలీ సారథ్యం వహించాడు. భద్రత అప్పటికి మెరుగైందా అంటే, దెహివల రైలు బాంబుకు నెల రోజులు దాటాయంతే. ముల్లైతీవు పతనమై ఆరు వారాలు కాలేదు. ప్రమాదం కొలతలో ఫిబ్రవరికీ ఆగస్టుకూ పెద్ద తేడా లేదు. తేడా ఉన్నది శ్రీలంక హోదాలో. ఫిబ్రవరిలో అది వదులుకోగల ప్రత్యర్థి, ఆగస్టులో ప్రపంచ విజేత. భద్రతా నిర్ణయాల్లో ప్రమాదం ఎంతన్న లెక్కతో పాటు, రాకపోతే ఏం పోతుందన్న లెక్క కూడా ఉంటుందని ఇంతకన్నా స్పష్టంగా చూపే ఉదాహరణ క్రికెట్‌లో తక్కువ.

సెప్టెంబరు 7న ప్రేమదాస స్టేడియంలో జరిగిన ఫైనల్లో శ్రీలంక ఆస్ట్రేలియాను 50 పరుగుల తేడాతో ఓడించింది. అప్పటికి ఉత్తరాన సైన్యం ‘సత్‌జయ’ దాడిలో కిలినొచ్చి వైపు అడుగడుగునా పోరాడుతూ కదులుతోంది. ఆ నెలాఖరుకు పట్టణం సైన్యం వశమైంది. సరిగ్గా రెండేళ్లకు, 1998 సెప్టెంబరులో, తిరిగి ఎల్టీటీఈ చేతికి వెళ్లింది.